పలచని నూనె

పిట్ట పనిచేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో. కాడ విరిగినా, మర వదులైనా, ఫ్రేము ముక్కు మీద నిలవకపోయినా జనం నేరుగా ఆమె బల్ల దగ్గరికే వచ్చేవారు. ఆవగింజంత మరను వేలికొన మీద నిలబెట్టి, స్క్రూడ్రైవరు రెండు తిప్పులు తిప్పి, జోడు వాళ్ళ ముఖానికి పెట్టి, "ఇప్పుడు నేనొక్కదాన్నే కనిపిస్తున్నానా, ఇద్దరున్నామా?" అని అడిగేది. వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళేవారు.

ఒకరోజు ఆ బల్ల మీదే మర జారింది. వంగి వెతికి తీసుకుంది. మళ్ళీ జారింది. ఎన్నిసార్లు తీసినా వేళ్ళ మధ్య నిలవలేదు. చివరికి పక్క బల్ల అమ్మాయి దాన్ని బిగించి ఇచ్చింది. పిట్ట ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. అలసట అనుకుంది, చలి అనుకుంది. ఆ తర్వాత చొక్కా గుండీలు, తలుపు గొళ్ళెం, పళ్ళపేస్టు మూత వరసగా ఎదురుతిరిగాక తల్లే ఆమెని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

తల్లి ఆసుపత్రి లాండ్రీలో పనిచేసేది. ఏ వార్డు దుప్పట్లు ఎలా ఉతకాలో ఎంత బాగా తెలుసో, ఏ డాక్టరు ఏ గొంతుతో మాట్లాడితే దాని అర్థమేమిటో కూడా అంత బాగా తెలుసు. మెదడు పంపే ఆజ్ఞలు వేళ్ళదాకా చేరడం లేదనీ, దారిలోని నరాలు ఒక్కొక్కటే ఎండిపోతున్నాయనీ, మందులు వేగం తగ్గిస్తాయే తప్ప వెనక్కి తిప్పలేవనీ డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. చేతుల తర్వాత ఏమిటని పిట్ట అడిగింది. ఆయన బల్ల మీది పెన్ను తీసి, దానికి మూత పెట్టాడు. ఆ మూత చప్పుడుకే తల్లికి సంగతంతా అర్థమైపోయింది.

తండ్రి రొట్టెల బట్టీలో మేస్త్రీ. ఇంటిపక్కవాళ్ళ దగ్గర్నుంచి బట్టీ యజమాని దాకా అందరూ మేస్త్రీ అనే పిలిచేవారు. ఊరు లేవకముందే లేచి పనికి పోవాలి కాబట్టి, ఊరు అన్నాలు తినే వేళకి పడుకునేవాడు. కూతురు దుకాణం నుంచి వచ్చేసరికి ఆయన గది తలుపు మూసి ఉండేది. ఒకే కప్పు కింద ఉన్నా తండ్రీకూతుళ్ళు అద్దెకున్నవాళ్ళలా ఎప్పుడో తారసపడేవారు. మిగిలింది ఆదివారాలు. ఆ ఆదివారాలనేమో కార్లు ఎత్తుకుపోయాయి.

కార్ల సంగతి ఎలా మొదలైందంటే, ఒకనాడు బస్సు డ్రైవరొకాయన రెండు ముక్కలైన కళ్ళజోడు పట్టుకుని దుకాణానికొచ్చాడు. కారు గుద్దిందన్నాడు. కారు గుద్దితే మనిషెలా మిగిలాడని పిట్ట కంగారుపడింది. మూరెడు కారేలే అమ్మాయ్ అన్నాడు. మూతబడ్డ గోదాము వెనక సిమెంటు మైదానంలో ప్రతి ఆదివారం రిమోట్ కార్ల పందేలు జరుగుతాయనీ, తనది అదుపుతప్పి గాల్లోకి లేచి తన ముఖానికే తగిలిందనీ చెప్పాడు. బస్సు తోలేటప్పుడు పూలరథంలా తోలే ఆ మనిషి, చేతిలో రిమోట్ పడితే బ్రేకు అన్న మాటే మరిచిపోతాడు. అందుకే ఆయన పేరు బ్రేకు బాబాయి. ఆయనకన్నా పెద్దవాళ్ళు కూడా బాబాయి అనే పిలుస్తారు.

చూసొద్దామని వెళ్ళిన పిట్ట అక్కడే ఉండిపోయింది. ఏడాది తిరక్కుండానే ఆమెని దాటేవాళ్ళు మైదానంలో లేకుండా పోయారు. ఆమె కారు తెల్లది, ఆమెలాగే కుదురులేనిది. ఒకసారి సరదాపడి బాబాయి దాన్ని నడిపి, మొదటి మలుపులోనే టైర్ల గోడకి కొట్టాడు. "ఇది కారు కాదమ్మా, తోక తొక్కిన పిల్లి," అని రిమోట్ ఇచ్చేశాడు.

జబ్బు బయటపడ్డాక మేస్త్రీ బట్టీలో పని వేళ మార్పించుకున్నాడు. సాయంత్రాలు ఇంట్లో ఉండడం మొదలుపెట్టాడు. అలా ఒక సాయంత్రం, కూతురు వంటింటి బల్ల మీద కారు విప్పుకుని, చిన్న మర తీయలేక, స్క్రూడ్రైవరు పళ్ళతో పట్టుకుని అవస్థపడడం చూశాడు. ఏం చెయ్యాలో చెప్పు, నేను చేస్తానన్నాడు. ఆమె ఆయన చేతులవైపు చూసింది. ముప్ఫయ్యేళ్ళు బట్టీ సెగలో కాలి కాయలుకాసిన వేళ్ళు. ఏనుగు చేత సూదిలో దారం ఎక్కించినట్టే ఉంటుందంది. ఏనుగుకి కూడా తొండం చివర వేలుంటుందమ్మా అన్నాడు. తల్లి పొయ్యి దగ్గర నిలబడి, ఇద్దరికీ పనిలేదంది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో ముగ్గురూ నవ్వారు.

ఆమె ముందుగా నేర్పింది డిఫరెన్షియల్ సంగతి. మైదానంలో అందరూ దాన్ని డిఫ్ అంటారు. ఇద్దరు చెయ్యీ చెయ్యీ పట్టుకుని మూల తిరిగితే బయటివాడు పరిగెత్తాలి, లోపలివాడు ఆగి ఆగి నడవాలి. కారు చక్రాలూ అంతే. రెంటినీ ఒకే ఇరుసుకి బిగించేస్తే మలుపులో ఒకటి రెండోదాన్ని ఈడ్చుకుపోతుంది. అందుకని రెంటి మధ్యా పెద్ద గోలీ అంత డబ్బీ, దాని లోపల చిన్న చిన్న పళ్ళచక్రాలు ఉంటాయి. ఏ చక్రం నడక దాన్ని నడవనిస్తాయి. ఎంత తేలిగ్గా నడవనివ్వాలన్నది ఆ డబ్బీలో పోసే నూనె చిక్కదనాన్ని బట్టి ఉంటుంది. ముందుచక్రాల మధ్యనుండే ముందు డిఫ్‌లో నూనె పలచగా ఉంటే కారు మలుపులోకి కత్తిలా దిగుతుంది, కానీ చెయ్యి రవ్వంత తడబడితే గిరుక్కున తిరిగిపోతుంది. నూనె చిక్కగా ఉంటే కారు బుద్ధిమంతురాలవుతుంది. మలుపు వెడల్పుగా తీసుకుంటుంది, ఆలస్యంగా వస్తుంది, తిరగబడదు.

మేస్త్రీ కాసేపు ఆలోచించి, అయితే ఇది పాకమన్నమాట, లేతదీ ముదురుదీ అన్నాడు. బన్నుల మీద పూసే పంచదార పాకాన్ని చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య సాగదీసి చూడటం ఆయనకి రోజూ పనే. పిట్ట నవ్వి, నీకింక చెప్పేదేం లేదు నాన్నా అంది.

చెప్పేది చాలానే ఉందని చేతులు పెట్టాక తెలిసింది. డబ్బీకి నాలుగు మరలు, మధ్యలో ఉల్లిపొరంత కాగితం రింగు. ఆ రింగు చిరిగితే నూనె కారిపోతుంది. మేస్త్రీ మొదట్లో వాటిని వరసగా చింపాడు. మర ఒకటి పిండి డబ్బాలో పడితే జల్లెడ పట్టి తీశాడు. పిట్ట కళ్ళజోళ్ళ బల్ల మీది భూతద్దం తెచ్చి ఆయన నుదుటికి కట్టింది. నూనె పోశాక వెంటనే మూయకూడదు, బుడగలన్నీ పైకి వచ్చేదాకా ఆగాలని చెప్పింది. అది మాత్రం ఆయనకి సులువుగా వచ్చింది. పిండి పొంగేదాకా కాచుకోవడం తెలిసినవాడికి బుడగలొక లెక్కా! ఇద్దరూ గడ్డాల కింద చేతులు పెట్టుకుని, ఆ చిన్న డబ్బీలోంచి బుడగలు ఒక్కొక్కటే లేచి పగలడం చూస్తూ కూర్చునేవారు. ఆ కాసేపట్లో ఎన్నో మాటలు దొర్లేవి. దుకాణంలో ఎవరు ఏమన్నారు, చిన్నప్పుడు ఏ బడికి పోనని ఏడ్చింది, తల్లీ తండ్రీ మొదటిసారి ఎక్కడ చూసుకున్నారు. పాతికేళ్ళలో మాట్లాడుకోనివన్నీ ఆ బల్ల దగ్గర మాట్లాడుకున్నారు.

మూత బిగించాక, డబ్బీకి రెండువైపులా ఉన్న కాడలు పట్టుకుని ఒకదాన్ని తిప్పితే రెండోది ఎదురు తిరగాలి. ఎక్కడా పట్టకూడదు, గరగరమనకూడదు. మొదటిసారి అది మెత్తగా తిరిగిన రోజు మేస్త్రీ దాన్ని భార్యకి కూడా చూపించాడు. ఆమె చేతులు తుడుచుకుని, తిప్పి చూసి, బాగానే ఉందంది.

నిజం చెప్పాలంటే ఆ నెలల్లో మేస్త్రీ సంతోషంగా ఉన్నాడు. పని ముగించుకుని ఇంటికి వస్తుంటే కాళ్ళు తేలికగా పడేవి. ఒక్కోసారి వీధి మలుపులో ఈల కూడా వేసేవాడు. వెంటనే, ఏ కారణం వల్ల తనకి ఈ సాయంత్రాలు దొరికాయో గుర్తొచ్చి, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసేవాడు. బిడ్డకి జబ్బు చేస్తే తప్ప తనకి బిడ్డ దొరకలేదన్న మాట ఆయన గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఎవరికీ చెప్పుకోలేదు.

జబ్బు మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. రిమోట్ తుపాకీ ఆకారంలో ఉంటుంది. ఎడమచేతి చూపుడువేలు వేగానికి, కుడిచెయ్యి పక్కనున్న చిన్న చక్రం తిప్పడానికి. పిట్ట కుడిచెయ్యి బరువెక్కింది. మలుపు కనిపిస్తుంది, తిప్పాలని తెలుస్తుంది, వేళ్ళు మాత్రం రెప్పపాటు ఆలస్యంగా కదులుతాయి. ఆ కారుకి రెప్పపాటంటే చాలా ఎక్కువ. ఒక ఆదివారం పోటీలో అది వంకీ మలుపు దగ్గర పదేపదే గిరగిరా తిరిగిపోయింది. అది వంకీలా వంగి, వచ్చినవైపే వెనక్కి మళ్ళే మలుపు, ఒకప్పుడు పిట్ట అందర్నీ దాటేసే చోటు. ఆ రోజు అందరూ ఆమెని అక్కడే దాటిపోయారు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. అన్నానికి లేవలేదు.

తల్లి మేస్త్రీని వాకిట్లోకి పిలిచింది. "ఏవండీ, ఆ నూనె సంగతంతా మీకిప్పుడు వచ్చు గదా. ఆ కారు పడిపోకుండా చెయ్యలేరూ? అది గెలవక్కర్లేదు. నలుగురి ముందూ అలా తిరిగి పడుతోందని వింటే నాకు ప్రాణం ఒప్పడం లేదు," అంది.

మేస్త్రీ మర్నాడు బస్సు డిపోకి వెళ్ళి బాబాయిని కలిశాడు. మాటల్లో మాటగా, కొత్తగా చేరినవాళ్ళకి డిఫ్‌లో ఏం పోస్తారని అడిగాడు. చిక్కటిది పోస్తాం, గోడలకి కొట్టుకోకుండా ఉంటారన్నాడు బాబాయి. అని, మేస్త్రీ ముఖంలోకి చూసి, పిట్టకి చెప్పే చెయ్యండి, ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే పిల్ల అది అన్నాడు. మేస్త్రీ తలూపాడు. చెప్పలేదు. ఆ రాత్రి ఆమె నిద్రపోయాక ముందు డిఫ్ విప్పి, పలచని నూనె వంచేసి, చిక్కటిది పోశాడు. బుడగలు లేవడానికి చాలాసేపు పట్టింది. ఈసారి పక్కన ఎవరూ లేరు.

తర్వాతి ఆదివారం తెల్లకారు ఒక్కసారి కూడా తిరగబడలేదు. వంకీ మలుపులో కాస్త బయటికి జరిగి, గోడకి దూరంగా, బుద్ధిగా తిరిగొచ్చింది. ముందున్నవాళ్ళలో ఇద్దరు ఒకరినొకరు గుద్దుకోవడంతో పిట్ట మూడో స్థానంలో వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. మేస్త్రీ గుండె పొంగిపోయింది. ఇంటికి వెళ్ళే బస్సులో పిట్ట కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అలసిపోయింది కాబోలనుకున్నాడు.

ఇంట్లోకి రాగానే ఆమె కారుని వంటింటి బల్ల మీద పెట్టించింది.

"నాన్నా, ముందు డిఫ్ విప్పు."

"రేపు విప్పుదాంలేమ్మా. అలిసిపోయున్నావు."

"ఇప్పుడు విప్పు."

విప్పాడు. అగ్గిపుల్ల ముంచి పైకెత్తమంది. ఎత్తాడు. నూనె సన్నటి తీగలా సాగి, తెగకుండా వేలాడింది. ఇద్దరూ ఆ తీగనే చూశారు.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అన్నాడు మేస్త్రీ.

"మొదటి మలుపులోనే."

"మరి చివరిదాకా నడిపావు గదా."

"మధ్యలో వదిలేస్తే నీ ముఖం ఎలా అయిపోతుందో నాకు తెలుసు గదా." ఆమె గొంతు పెంచలేదు. "నాకు రెండు పిడుల కప్పు కొన్నారు, ఊరుకున్నాను. అమ్మ నా చొక్కాలకి గుండీలు పీకేసి అతుక్కునే పట్టీలు కుట్టింది, ఊరుకున్నాను. దుకాణంలో మరల పని తీసేసి, మంచి కుర్చీ అని చెప్పి బిల్లుల దగ్గర కూర్చోబెట్టారు, దానికీ ఊరుకున్నాను. నాతో నిజం చెప్పేది ఈ కారొక్కటే నాన్నా. ఈ వారం నా చెయ్యి ఎంత పోయింది, ఎంత మిగిలింది, అది దాచకుండా చెప్పేది. దానికి కూడా అబద్ధం నేర్పావు."

తల్లి గుమ్మంలోంచి ముందుకొచ్చింది. "నేనే చెప్పానే. ఆయన్నేం అనకు."

"నువ్వు చెప్తావమ్మా, నువ్వు అమ్మవి," అంది పిట్ట. "ఆయన నా మెకానిక్కు."

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆమె ఆయనతో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు. కారు బల్ల మీద అలాగే పొట్ట విప్పుకుని పడి ఉంది. దాన్ని దాటుకుని ఒకరు గిన్నెలు పెట్టుకునేవారు, ఒకరు కూరగాయలు తరుక్కునేవారు. ఆమెకి కోపమొస్తే ఒకప్పుడు తన పని తనే చేసుకుని ఎదుటివాళ్ళని సాధించేది. ఇప్పుడు అలిగే వీలు కూడా లేదు. ఆయన చేసిన తప్పుని సరిదిద్దుకోవడానికి కూడా ఆమెకి ఆయన చేతులే కావాలి. చెంచాతో ఆయన తినిపించబోతే నోరు తెరవక తప్పదు. మేస్త్రీని ఎక్కువగా కోసింది అదే. ఆమె నాలుగు మాటలనేస్తే బాగుండుననిపించేది.

చివరికి ఒక సాయంత్రం ఆయన భూతద్దం కట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. పళ్ళచక్రాలన్నీ తీసి, ఒక్కొక్కటీ తుడిచి, మూలల్లో దాగిన జిడ్డు దాకా పోగొట్టాడు. పలచని నూనె సీసా తెచ్చి, పోసేముందు దాని మీద రాసున్నది ఆమెకి చూపించాడు. ఆమె చూసి తలూపింది. బుడగలు పైకొచ్చేదాకా ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు గానీ మాటలు లేవు. మూత బిగించి, డబ్బీని ఆమె అరచేతిలో పెట్టి, తనే కాడ తిప్పాడు. ఆమె వేళ్ళకి బిగించే శక్తి లేదు గానీ, స్పర్శ ఎక్కడికీ పోలేదు. కళ్ళు మూసుకుని ఆ తిరుగుడు విన్నట్టుగా పట్టుకుంది.

"తప్పయిందమ్మా," అన్నాడు.

"సరే," అంది. "ఇంకోసారి నాకు చెప్పకుండా నా కారు ముట్టుకోకు."

ఆ వచ్చే ఆదివారం ఆఖరిసారి పోటీకి దిగుతానని పిట్ట ముందే చెప్పింది. ఎవరూ వద్దనలేదు. తల్లి ఎప్పుడూ మైదానానికి వచ్చేది కాదు. ఆ రోజు లాండ్రీకి సెలవు పెట్టి వచ్చింది. నడిపేవాళ్ళు నిలబడే చెక్క అరుగు ఎత్తుగా ఉంటుంది. ఆ మెట్లు ఎక్కేటప్పుడు ఆమే కూతురి నడుం పట్టుకుంది. బాబాయి ఒక ఎత్తయిన బల్ల తెచ్చి రెయిలింగ్ దగ్గర వేశాడు, మోచేతులు ఆనించుకోవడానికి. కారు తిరగబడితే పరిగెత్తి నిలబెట్టడానికి ప్రతి మలుపు దగ్గరా ఒక మనిషుండాలి. మేస్త్రీ వంకీ మలుపు తనకి ఇమ్మని అడిగి తీసుకున్నాడు.

పోటీ మొదలైంది. తెల్లకారు మొదటి చుట్టులోనే వంకీ మలుపులోకి కత్తిలా దిగి, గిరుక్కున తిరిగి, వెల్లకిలా పడి చక్రాలు గాల్లో ఆడించింది. మేస్త్రీ పరిగెత్తి నిలబెట్టాడు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ తిరిగిపోయింది. మళ్ళీ పరిగెత్తాడు. పక్కనుంచి మిగతా కార్లు రివ్వున పోతుంటే ఆగి, చూసి, వంగి, ఎత్తి, ముందుకు తిప్పి వదలడం. నడుం పట్టేసింది. సిమెంటుకి మోకాలు గీరుకుపోయింది. ఒక్కసారి కూడా తలెత్తి అరుగువైపు చూడలేదు. చూస్తే తన కళ్ళు ఆమెకి కనబడతాయి. అప్పుడప్పుడు కారు ఆయన చేతుల్లో ఉండగానే ముందుచక్రాలు ఎడమకి కొద్దిగా, నెమ్మదిగా తిరిగేవి. అరుగు మీద ఆమె ఎంత బలం పెడుతోందో ఆ కదలికలో ఆయనకి తెలిసిపోయేది. ఇంతేనా మిగిలింది అనుకునేవాడు. ఆ సంగతి తెలుసుకోవాలనే ఆమె ఇంత పట్టుపట్టింది. ఇప్పుడు ఇద్దరికీ తెలిసింది.

పోటీ ముగిసేవేళకి, ఎలా కుదిరిందో గానీ, ఒక్క చుట్టులో ఆ కారు వంకీ మలుపులోకి దూసుకొచ్చి, లోపలి అంచుని రాసుకుంటూ, గీత గీసినట్టు తిరిగి వెళ్ళిపోయింది. మేస్త్రీ పరిగెత్తబోయి ఆగిపోయాడు. ఒట్టి చేతులు చాపుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాతి చుట్టులో అది మళ్ళీ తిరగబడింది.

పిట్ట ఆఖరున వచ్చింది. ఎవరూ జాలిగా చప్పట్లు కొట్టలేదు. బాబాయి ఎవర్నీ కొట్టనివ్వలేదని తర్వాత తెలిసింది. మెట్లు దిగి, తండ్రి దగ్గరికి వచ్చి, ఆయన మోకాలు వైపు చూసి, "బాగా తోమావు నాన్నా. బాగా తిరిగింది డిఫ్," అంది. తల్లి నీళ్ళసీసా మూత తీసి ముందు మేస్త్రీకి ఇచ్చింది.

కారుని పిట్ట పోస్టు పంచే అమ్మాయికి ఇచ్చేసింది. మైదానంలో ఎప్పుడూ ఆమె వెనకే వచ్చి, ఎప్పుడూ ముఖం మాడ్చుకునే పిల్ల అది. కారు చేతికి రాగానే ముఖం మాడ్చుకోవడం మాని ఏడ్చేసింది. పిట్టే ఆమెని ఊరుకోబెట్టాల్సివచ్చింది.

తర్వాతంతా డాక్టరు చెప్పిన వరసలోనే జరిగింది. కాళ్ళు, మెడ, మాట. మాట మొద్దుబారుతున్న రోజుల్లో కూడా తల్లి జడ వేస్తుంటే ఏదో వేళాకోళం చేసేది. తల్లికి సగమే అర్థమై, మిగతా సగం తనే కల్పించుకుని నవ్వేది. మేస్త్రీ బట్టీ పని మానేసి పగలంతా మంచం పక్కనే కూర్చునేవాడు. ఏడాది గడిచాక, ఒక మధ్యాహ్నం, తలంటిన జుట్టు ఆరబెడుతూ తల్లి దువ్వెన కోసం పక్కగదిలోకి వెళ్ళొచ్చేలోపు, పిట్ట వెళ్ళిపోయింది. మేస్త్రీ ఆ చెయ్యి పట్టుకునే ఉన్నాడు. ఆ చేతిలో బలం లేక చాలా కాలమైంది కాబట్టి, ఎప్పుడు పోయిందో ఆయనకి తెలియలేదు.

కొన్ని నెలల తర్వాత మేస్త్రీ మళ్ళీ బట్టీలో చేరాడు. ఈసారి ఆదివారాలు కూడా పనికి పోయేవాడు. మైదానం వైపు వెళ్ళలేదు. బాబాయి మాత్రం ఆదివారం పొద్దున పోటీలకి వెళ్తూ బట్టీ దగ్గర ఆగి, వరసలో నిలబడి రొట్టె కొనుక్కునేవాడు. ఆయన ఇంటికి ఇటువైపు దారి కాదు. కార్ల ప్రస్తావన తెచ్చేవాడు కాదు. వేడిగా ఉందా అనేవాడు, ఇప్పుడే తీశాననేవాడు మేస్త్రీ. అంతే.

ఒక ఆదివారం రొట్టెలు లోపల కాలుతుండగా మేస్త్రీ బయటికొచ్చి మెట్టు మీద ఆయన పక్కన కూర్చున్నాడు.

"బాబాయ్, ఆ రోజు పిట్ట నన్నన్నదంతా నిజమే. ఒక్క మాట కూడా తప్పు లేదు," అన్నాడు. "కానీ అది మళ్ళీ వచ్చి, మళ్ళీ అలాగే పడుతుంటే, నేను మళ్ళీ ఆ చిక్కటి నూనే పోస్తాను. నావల్ల కాదు."

బాబాయి రొట్టె పొట్లాన్ని ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పొయ్యండి. మళ్ళీ మొదటి మలుపులోనే పట్టేస్తుంది," అన్నాడు.

మేస్త్రీకి నవ్వొచ్చింది. నవ్వు మొదలయ్యాక అది ఆగలేదు, దేనిలోకో మారిపోయింది. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. బాబాయి ఆయన వీపు మీద చెయ్యి వేసి, అటు తిరిగి కూర్చున్నాడు. కాసేపటికి లోపల్నుంచి మాడువాసన వచ్చింది. మేస్త్రీ లేచి, ముఖం తుడుచుకుంటూ, రొట్టెలు తీయడానికి లోపలికి వెళ్ళాడు.